టెక్సస్‌లో అమ్మతో కలిసి ఓటు వేసి వచ్చాను

2020 నవంబరు అధ్యక్ష ఎన్నికల్లో నేను ఓటు వేయకుండానే పోలింగు కేంద్రం నుంచి తిరిగి వచ్చాను. జాబితాలో నా పేరు లేదు. ఆగస్టులోనే కంప్యూటర్‌లో దరఖాస్తు నింపి, పని అయిపోయిందనుకున్నాను. టెక్సస్‌లో అది సరిపోదు. డ్రైవింగ్ లైసెన్సు పునరుద్ధరణతో పాటు తప్ప ఆన్‌లైన్‌లో ఓటరుగా నమోదయ్యే వీలు లేదు. నింపిన కాగితాన్ని ప్రింట్ తీసి, సంతకం చేసి, కౌంటీ (మన జిల్లా లాంటిది) కార్యాలయానికి చేర్చాలి. అదీ పోలింగుకు 30 రోజుల ముందే. తాత్కాలిక ఓటు వేయవచ్చన్నారు, కానీ నమోదు లేనివారిది లెక్కలోకి రాదని కూడా వాళ్ళే చెప్పారు.

ఆ ఏడాది అమెరికా మొత్తం మీద అర్హుల్లో దాదాపు 66 శాతం మంది ఓటు వేశారు. వందేళ్ళకు పైగా అంత పోలింగు జరగలేదు. మిగిలిన మూడో వంతులో నేనొకడిని. ఆ మూడో వంతును అందరూ పట్టింపు లేనివాళ్ళంటారు. నాకు పట్టింపు ఉండేది, ఆ రోజు తర్వాతే పోయింది. ‘ఎవరు గెలిస్తే మనకేమిటి’ అని నేనూ అనడం మొదలుపెట్టాను. ఆ మాట కింద దాచుకున్నది అవమానమేనని ఒప్పుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

ఒప్పించింది అమ్మ. 2022లో ఆమెకు పౌరసత్వం వచ్చింది. వయసు 55 దాటి, గ్రీన్ కార్డు వచ్చి 15 ఏళ్ళు నిండినవారికి ఇంగ్లీషు పరీక్ష ఉండదు కాబట్టి, పౌరసత్వ పరీక్షలో దుభాషిని పెట్టుకుని తెలుగులోనే జవాబులు చెప్పింది. పౌరులకు మాత్రమే ఉండే బాధ్యత ఒకటి చెప్పమంటే ‘ఓటు వేయడం’ అందట. ప్రమాణం చేసిన హాలు బయటే స్వచ్ఛంద కార్యకర్తలు ఇచ్చిన ఫారం మీద సంతకం పెట్టి వచ్చింది. ‘‘మరి నీ ఓటరు కార్డు ఏదిరా?’’ అని అడిగింది. మర్నాడే నా దరఖాస్తు పోస్టు చేశాను.

65 దాటినవారు టెక్సస్‌లో పోస్టులో ఓటు వేయవచ్చు. కానీ 2021లో వచ్చిన చట్టం ప్రకారం కవరు మీద గుర్తింపు నంబరు రాయాలి, అది నమోదులో ఉన్న నంబరుతో సరిపోవాలి. 2022 మార్చిలో, పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీలో, పోస్టు ఓట్లలో దాదాపు 12 శాతం తిరస్కరించారు. వాటిలో అమ్మ ఓటు కలవడం నాకు ఇష్టం లేదు. అమెరికాలో పోలింగు రోజు మంగళవారం. గుర్రపు బండ్ల కాలంలో, 1845లో, రైతుల వీలు చూసి పెట్టిన రోజది. దేశమంతటా సెలవేమీ ఉండదు. అందుకే ముందస్తు పోలింగులో ఒక శనివారం ఇద్దరం వెళ్ళాం.

మొదటి చిక్కు ఇంటిపేరు. పాస్‌పోర్టులో అమ్మ పేరు కలిపి ఉంది, ఓటరు జాబితాలో రెండు ముక్కలైంది. మన ఇళ్ళలో ఈ తిప్పలు పడనివారు అరుదు. పేర్లు దాదాపు ఒకటే అయితే ఒక గడిలో పొడి అక్షరాలు రాస్తే చాలునట. రాసింది.

తర్వాత నన్ను ఆపారు. అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు, హ్యూస్టన్‌లో ఓటు పత్రం ఇంగ్లీషు, స్పానిష్, వియత్నామీ, చైనా భాషల్లో ఉంటుంది, తెలుగులో ఉండదు. ‘‘సాయం మేమే చేస్తాం, మీరు బయట ఉండండి’’ అన్నారు అక్కడి ఉద్యోగి. నాకు టెక్సస్‌లోనే 2014 నాటి విలియమ్‌సన్ కౌంటీ సంగతి గుర్తొచ్చింది. అక్కడ ఒక భారతీయ తల్లికి కొడుకు ఓటు పత్రాన్ని తర్జుమా చేయబోతే, అతను పక్క కౌంటీ ఓటరని అడ్డుకున్నారు. అది తప్పని ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు 2017లో తేల్చింది. తీర్పు వచ్చేనాటికి ఆ తల్లి లేదు. చదవలేనివారు తమకు నచ్చినవారిని వెంట తెచ్చుకోవచ్చని, యజమాని, యూనియన్ ప్రతినిధి మాత్రం కాకూడదని ఓటు హక్కుల చట్టంలో 1982 నుంచీ ఉంది. ఆ మాటే మెల్లగా, మళ్ళీ మళ్ళీ చెప్పాను. పై అధికారి వచ్చి ఒప్పుకునేసరికి అరగంట గడిచింది. నా పేరు, చిరునామా, అమ్మతో బంధుత్వం ఒక ఫారంలో రాసి, ప్రమాణం చేశాక లోపలికి పంపారు. ఆ చట్టం గురించి నాకు తెలియకపోయి ఉంటే? పని మానుకుని వచ్చిన మనిషి అరగంట నిలబడగలడా? అలా వెనుదిరిగిన వారిని కూడా పట్టింపు లేనివాళ్ళ లెక్కలోనే రాస్తారు.

గవర్నరు అభ్యర్థుల పేర్లు చదవడం ఒక నిమిషం పని. ఇక్కడ జడ్జీలను కూడా ఓటుతోనే ఎన్నుకుంటారు, వాళ్ళ పేర్లతోనే జాబితా పేజీలకు పేజీలు సాగింది. ఒకే మీటతో పార్టీ మొత్తానికి ఓటు వేసే పద్ధతి టెక్సస్‌లో 2020 నుంచి లేదు. అమ్మ ఒక్కో పేరూ చదివించుకుంది. తెలియని పేర్ల దగ్గర ‘‘వదిలెయ్, తెలియకుండా వేయను’’ అంది.

ఇంటికి వస్తూ కారులో అడిగింది: ‘‘మళ్ళీ ఎప్పుడు?’’

‘‘మే మొదటి శనివారం, స్కూలు బోర్డుకు. దానికి ఎవరూ వెళ్ళరమ్మా.’’

‘‘ఆ నిలబడేవాళ్ళెవరో ఏప్రిల్‌లోనే చెప్పు’’ అంది. ఇంటికి చేరగానే వంటింటి క్యాలెండరులో ఆ శనివారం చుట్టూ సున్నా చుట్టింది.