రెండు కిలోల పామ్ పిల్ల, నలభై చికెన్ ముక్కలు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పామ్ (పొమెరేనియన్ అనే చిన్న జాతి కుక్క) పిల్లను తెచ్చుకున్న ప్రతి ఇంట్లోనూ దానికి షేక్‌హ్యాండ్ నేర్పాలన్న ముచ్చట ఉంటుంది. చేతిలో మాత్రం బిస్కెట్ ప్యాకెట్ ఉంటుంది. నేను ముందు తిండి లెక్క తేల్చుకుని, ఆ తర్వాతే ఆటల జోలికి వెళ్తాను.

నాలుగు నెలలు దాటిన 2 కిలోల పిల్లకు రోజుకు సుమారు 235 క్యాలరీలు కావాలి. నేర్పేటప్పుడు పెట్టే తాయిలం అందులో పదో వంతు దాటకూడదు. ఒక్క మేరీ బిస్కెట్‌తోనే ఆ వాటా ఇంచుమించు సరి. అదే తోలు, ఎముక తీసి ఉడికించిన కోడి రొమ్ము మాంసమైతే 14 గ్రాములు వస్తుంది. బఠాణీ గింజంత తుంచితే 40 ముక్కలు, అంటే 40 సార్లు నేర్పే వీలు. ముక్క చిన్నదైనా కుక్కకు పట్టదు, ఎన్నిసార్లు దొరికిందన్నదే దానికి లెక్క. తాయిలం పెట్టిన మేరకు గిన్నెలో వేసే తిండి తగ్గించడం మరవకండి.

ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించాలి. మన కూరలోంచి తీసి కడిగిన ముక్క పనికిరాదు. ఉడికించిన గుమ్మడి, క్యారెట్ మంచివే. పళ్లు ఊడే 4 నుంచి 6 నెలల మధ్య పచ్చి క్యారెట్ మాత్రం ఆ పళ్లకు మరీ గట్టి. ఇంట్లో పాలు విరగ్గొట్టిన ఛెనాకు కుక్కలు పడి చస్తాయి గానీ కొవ్వెక్కువ, కొన్నిటికి విరేచనాలు పట్టుకుంటాయి. కాబట్టి కష్టమైన ఆటకే దాన్ని దాచుకుంటాను. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఎండుచేప వాసనకు ఏ కుక్కయినా చెప్పినట్టు వింటుంది, కానీ అందులో ఉప్పు విపరీతం, వద్దు. పాయసంలో కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ ఒక్క ముక్క కూడా పెట్టకూడదు. కిస్‌మిస్, ద్రాక్ష మూత్రపిండాలనే దెబ్బతీస్తాయి.

ఆకలి మీదుంటే బాగా నేర్చుకుంటుందని పెద్ద కుక్కల వాళ్లు చెప్తారు. చిన్న జాతి పిల్లకు ఆ మాట వర్తించదు. పూట తప్పితే రక్తంలో చక్కెర పడిపోయి తూలుతుంది, వణుకుతుంది. అలా కనిపిస్తే చిగుళ్లకు కాస్త తేనె రాసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మూడు నాలుగు నెలల వరకు రోజుకు నాలుగు పూటలు తిండి పెట్టి, పూటకూ పూటకూ నడుమ మూడు నిమిషాలు నేర్పితే చాలు. ఎండాకాలమైతే పొద్దున్నే, లేదంటే పొద్దు వాలాకే. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలోకి దింపకుండా ఇంట్లోనే నేర్పాలి.

టైల్స్ మీద వెనక కాళ్లు జారుతాయి, గోనె సంచి పరవండి. మీరూ నేల మీదే కూర్చోండి. మొదట ఏ ఆటా లేకుండా 'భేష్' అనడం, సెకనులోపు ముక్క పెట్టడం, ఇలా పదిసార్లు. ఆ మాట వినగానే తల తిప్పి చూస్తోందంటే పాఠం మొదలుపెట్టొచ్చు.

కూర్చోబెట్టడానికి ముక్కను ముక్కుకు ఆనించినంత దగ్గరగా పట్టి, నుదుటి మీదుగా మెల్లగా వెనక్కి జరపాలి. తల పైకి లేస్తుంది, పిర్రలు దిగుతాయి. నేలకు తగిలిన క్షణంలోనే 'భేష్'. చెయ్యి నాలుగు వేళ్లు ఎత్తున పట్టినా చాలు, పామ్ ఎగురుతుంది. అది దాని అల్లరి కాదు, మన చెయ్యి తప్పు. వెనక్కి నడుస్తుంటే గోడ మూలకు వీపు చేసి నిలబెట్టండి. సూదుల్లాంటి పళ్లు వేలికి తగులుతుంటే ముక్కను వేళ్లతో పట్టక అరచేతిలో పెట్టి ఇవ్వాలి, లేదా మెదిపిన గుమ్మడి చెక్క గరిటె కొసకు రాసి నాకనివ్వాలి.

ఐదారుసార్లు కుదిరాక చేతిలో ముక్క ఉండకూడదు. అదే సైగ ఖాళీ చేత్తో చేసి, ముక్క రెండో చేతిలోంచి ఇవ్వాలి. ఈ మెట్టు దాటించని వాళ్ల కుక్కలే 'ముక్క చూపిస్తేనే కూర్చుంటాయి'. సైగ కుదిరాకే మాట. ఇంట్లో ఒకరు 'కూర్చో', ఒకరు ఒడియాలో 'బస', పిల్లలు 'సిట్' అంటుంటే ఏదీ పట్టుబడదు, ఒకటే ఖాయం చేసుకోండి.

షేక్‌హ్యాండ్‌కు గుప్పిట్లో ముక్క మూసి ఛాతీ ఎత్తున పట్టండి. వాసన చూస్తుంది, నాకుతుంది, చివరికి కాలితో గీకుతుంది. గీకినప్పుడే గుప్పిట తెరవాలి. కాలు పట్టి లాగితే చెయ్యి చూడగానే వెనక్కి తగ్గడం నేర్చుకుంటుంది. గుండ్రంగా తిరగడం ఇంకా సులువు, ముక్కు ముందు నుంచి తోక వైపు ముక్కతో చుట్టు గీస్తే సరి.

రెండు కాళ్ల మీద నిలబెట్టి నడిపించే ఆట మాత్రం నేను నేర్పను. ఇలాంటి చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకు జారడం మామూలు. చుట్టాలు సరదాగా అడిగితే గుండ్రంగా తిప్పి చూపిస్తాను.