ట్రావెల్ గ్రాంట్ డబ్బులు ముందే ఇవ్వండి

నా మొదటి రీసెర్చ్ పేపర్ ఒక కాన్ఫరెన్స్‌కి యాక్సెప్ట్ అయిన రోజు బాగా గుర్తుంది. అక్కడికెళ్లి ప్రెజెంట్ చెయ్యడానికి ప్రొఫెషనల్ సొసైటీ (మా రంగంలో పనిచేసేవాళ్ల సంఘం) వాళ్లు స్టూడెంట్ ట్రావెల్ గ్రాంట్ కూడా ఇచ్చారు, సంబరంగా మెయిల్ మొత్తం చదువుకుంటూ వెళ్తే చివర్లో ఉంది, ముందు మీరే ఖర్చు పెట్టుకోండి, వెళ్లొచ్చాక బిల్లులు పంపితే తిరిగి ఇస్తాం అని. ఫ్లైటు, హోటలు, రిజిస్ట్రేషను, వీసా ఫీజు అన్నీ కలిపితే నా రెండు నెలల స్టైపెండ్ దాటిపోయింది. ల్యాబ్‌లో సీనియర్ ఒకాయన తన కార్డు మీద టికెట్ కొనిపెట్టాడు కాబట్టి వెళ్లగలిగా. డబ్బులు చేతికొచ్చేసరికి మూడు నెలలు పైనే పట్టింది, అన్నాళ్లూ ఆయన ఎదురుపడితే తల ఎత్తలేకపోయేదాన్ని, ఆయన మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

ఇప్పుడు నేనే అలాంటి ఒక సొసైటీలో వాలంటీర్‌ని, గ్రాంట్ అప్లికేషన్లు చదివే కమిటీలో ఉన్నా. ప్రతిసారీ ఒకరిద్దరు సెలెక్ట్ అయ్యాక కూడా "రాలేకపోతున్నాను, క్షమించండి" అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు. కారణం రాయరు. చదవగానే నాకు ఆ సీనియర్ కార్డే గుర్తొస్తుంది, అందరికీ అలాంటి సీనియర్ ఉండడు కదా.

పోనీ వెళ్లకపోతే ఏమవుతుందిలే అనుకోడానికి కూడా లేదు. చాలా కాన్ఫరెన్స్‌ల్లో పేపర్‌కి కనీసం ఒక ఆథర్ రిజిస్టర్ అవ్వాలి, కొన్నిచోట్ల స్టూడెంట్ రేటు దానికి చెల్లదు, ఫుల్ ఫీజు కట్టాల్సిందే. ఐఈఈఈ అనే ఇంజనీర్ల సొసైటీ కాన్ఫరెన్స్‌ల్లో అయితే ప్రెజెంట్ చెయ్యని పేపర్‌ని ఎక్స్‌ప్లోర్ అనే వాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీలో పెట్టకుండా ఆపే హక్కు నిర్వాహకులకి ఉంటుంది. అంటే డబ్బు సర్దుకోలేనందుకు ఏళ్ల తరబడి చేసిన పని కనపడకుండా పోవచ్చు. టికెట్ సొసైటీయే నేరుగా కొనివ్వొచ్చు, రిజిస్ట్రేషన్ ఫీజు అక్కడికక్కడే మాఫీ చెయ్యొచ్చు, హోటల్ బిల్లు వాళ్లే కట్టొచ్చు. ఇచ్చే డబ్బు అదే, ఇచ్చే రోజు మారితే చాలు.

అసలు ఈ సొసైటీలన్నీ పెద్దవాళ్లు మొదలుపెట్టినవేం కాదు. 1818లో లండన్‌లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్ పెట్టింది హెన్రీ పామర్ లాంటి కుర్ర ఇంజనీర్లే, ఒక కాఫీ హౌస్‌లో కూర్చుని, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలని. రెండేళ్లకి, అప్పటికే పేరున్న ఇంజనీర్ థామస్ టెల్ఫర్డ్ ప్రెసిడెంట్‌గా వచ్చాక గానీ అది నిలదొక్కుకోలేదు. కుర్రాళ్లకి కావాల్సింది ఏంటో, పెద్దాయన చెయ్యి వేస్తే ఏమవుతుందో రెండూ అందులోనే ఉన్నాయి.

ఆ పెద్దాయన చెయ్యి పీహెచ్‌డీ చేసేవాళ్లకి ఇంకా ఎక్కువ అవసరం. బీటెక్ వాళ్లకి స్టూడెంట్ బ్రాంచ్‌లు, కాంక్రీట్ పడవల పోటీలు, రేసు కార్ల పోటీలు ఉన్నాయి, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి సొసైటీ లోకల్ శాఖల (చాప్టర్ల) మీటింగులు ఉన్నాయి. మధ్యలో ఉన్న మనిషి జీతం, డిగ్రీ, రికమెండేషన్ లెటర్ అన్నీ ఒక్క గైడ్ చేతిలో ఉంటాయి. ఆ గైడ్ నెల రోజులు డ్రాఫ్ట్ చూడకపోతే ఎవరికి చెప్పుకోవాలి? డిపార్ట్‌మెంట్‌లో చెప్తే ఆయనకి తెలిసిపోతుందని భయం. సొసైటీలో మాత్రం వేరే యూనివర్సిటీ వాళ్లు, కంపెనీల వాళ్లు వేలమంది ఉంటారు, వాళ్లకి ఆ గైడ్‌తో లాభం లేదు, నష్టం లేదు. మొదటి ఏడాదిలోనే అలాంటి ఒకరిని జత చేసి, రెండు నెలలకోసారి మాట్లాడుకునేలా చూస్తే చాలు, ఆ మాటలు బయటికి పొక్కకూడదు అంతే. కంప్యూటర్ రంగం వాళ్ల సొసైటీ ఏసీఎంలో కొన్ని గ్రూపులకి కేర్స్ అని కమిటీలు ఉన్నాయి, వేధింపులో వివక్షో ఎదురైనవాళ్లు వెళ్లి మాట్లాడొచ్చు. మంచి పని, అన్ని సొసైటీల్లోనూ ఉండాలి.

వేరేవాళ్ల పేపర్లకి రివ్యూ రాయడం నేర్పించడం, వీసా లెటర్లు త్వరగా పంపించడం కూడా కావాలి, కానీ నా మటుకు మొదటిది గ్రాంటే. పోయిన కమిటీ మీటింగ్‌లో అడిగితే ఆడిటర్లు అడ్వాన్సులకి ఒప్పుకోరు అన్నారు. ఈసారి అడ్వాన్స్ అనే మాటే లేకుండా, ట్రావెల్ ఏజెన్సీకి సొసైటీయే నేరుగా కట్టేలా రెండు పేజీల్లో లెక్క రాసిపెట్టుకున్నా, మీటింగ్ గురువారం.