చీమకుర్తి మేనేజరు మీద నా కోపం

అత్తయ్య పడుకుంది. నాకు మాత్రం ఆ మేనేజరు సంగతి మింగుడు పడట్లేదు.

సీరియల్ ఆఖరి భాగం ఈరోజే ఇద్దరం చదివాం. చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ, దాని ఓనరు, ఆయన నీడలాగా తిరిగే మేనేజరు. సరిగ్గా చివరి రెండు పేజీలకు ముందు, ఓనర్ని నిలువునా ముంచింది ఆ మేనేజరే అని తేల్చారు. "ఏందే, వీడా!" అని అత్తయ్య పుస్తకం పక్కన పడేసి టీవీ పెట్టుకుంది. అన్నేళ్ళ నమ్మకం కూలిపోతే చదివేవాళ్ళకు ఒక్క నిమిషం కూడా మనసు కలుక్కుమనలేదు.

ఇట్టాంటి మలుపుకు ఆనవాళ్ళు ముందే వేసుకుంటూ రావాలి. ఒక్కటే వేస్తే ఎవరికీ గుర్తుండదు, ఆరేడు వేస్తే సగంలోనే పట్టేస్తారు. మూడు సరిపోతాయి. ప్రతిదానికీ అప్పటికి నమ్మేటట్టు ఒక మంచి కారణం ఉండాలి. దాన్ని పేరా చివర పెడితే కన్ను అక్కడే ఆగుతుంది, అందుకని మధ్యలో జారవిడిచి, వెంటనే ఇంకో పెద్ద గొడవ జరిపించాలి.

క్వారీ కథలో దీనికి వెతుక్కునే పని కూడా లేదు. రాతి బ్లాకు బయటికి తీశాక పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలుస్తారు. అంచుల్లో సొట్టలకు, పగుళ్ళకు కొంత తీసేసి, మిగిలిందే క్యూబిక్ మీటర్లలో లెక్క కడతారు. ఎంత తీసెయ్యాలన్నది కొలిచేవాడి చేతిలో ఉంటుంది. మూడో భాగంలో మేనేజరు రాయిని అరచేత్తో తడిమి, కంటికి ఆనని చీలిక ఉందని చెప్పి, కొనే పార్టీకి ఇంకాస్త తగ్గించి రాశాడనుకోండి. "బేరం నిలబడాలంటే పట్టూవిడుపూ ఉండాలి సార్" అంటాడు. ఓనరు మెచ్చుకుంటాడు, మనమూ మెచ్చుకుంటాం. తర్వాత తెలుస్తుంది, ఆ తగ్గించినదాంట్లో వాడికి వాటా ఉందని. మెచ్చుకున్న చోటే మోసం బయటపడితే, వెనక్కి తిరిగి చదివినా కథ నిలబడుతుంది. ఈ రచయిత క్వారీని ఫొటోకు వెనక తెరలాగా వాడి వదిలేశాడు.

అంతకంటే ఒళ్ళు మండింది ఇంకోటి. రెండుచోట్ల మేనేజరు మనసులోకి దూరి, ఓనరుకు ఏమవుతుందోనని వాడి గుండె దడదడలాడిందని రాశాడు. అది వాడు మనతో చెప్పిన అబద్ధం కాదు, రచయిత చెప్పిన అబద్ధం. ద్రోహి మనసులోకి అసలు పోకూడదు. పోతే "ఈ రాత్రి గడిస్తే చాలు అనుకున్నాడు" లాంటి వాక్యం రాయాలి, రెండు రకాలుగానూ నిజమయ్యేది.

ఇంతదాకా రాశాక వేరేగా అనిపిస్తోంది. ఆనవాళ్ళన్నీ సక్రమంగా పడితే మాత్రం మనసు కలుక్కుమనేదా?

మహాభారతంలో శల్యుడి కథలో దాపరికమే లేదు. మన నెల్లూరు తిక్కన రాసిన పదిహేను పర్వాల్లోనే ఈ సంగతంతా ఉంది. నకుల సహదేవుల మేనమామ, పాండవుల దగ్గరికని సేనతో బయల్దేరాడు. దారి పొడుగునా విడుదులు, భోజనాలు. ధర్మరాజు చేయించాడనుకుని ఆనందంతో వరమిస్తానంటే, ఎదురొచ్చింది దుర్యోధనుడు, తన వైపు యుద్ధం చెయ్యమన్నాడు. మాట ఇచ్చేశాక తప్పదుగా. ఆ తర్వాత ధర్మరాజును కలిస్తే, కర్ణుడి రథం తోలాల్సి వచ్చినప్పుడు వాడి తేజోవధ చెయ్యమన్నాడు. దానికీ సరేనన్నాడు. ఇదంతా ఉద్యోగపర్వంలోనే మన ముందు జరిగిపోతుంది. పదిహేడో రోజు కర్ణుడు కోరి మరీ ఆయన్ని సారథిగా పెట్టుకుంటాడు, అర్జునుడికి కృష్ణుడున్నట్టు తనకూ ఉండాలని. ఎంగిలి మెతుకులు తిని బలిసి హంసతో పందెం వేసిన కాకి కథ చెప్పి, ఆ సారథే కర్ణుడి ఉసురు తీస్తాడు. కర్ణుడికి తెలియదు, మనకు తెలుసు. అందుకే చదవలేకపోతాం.

కర్ణుడు అర్జునుడి మీద నాగాస్త్రం వేసే దగ్గర మాత్రం శల్యుడు సరైన మాటే చెప్తాడు, అది మెడకు తగలదు, గురి మార్చి మళ్ళీ సంధించమని. ఒకే బాణాన్ని రెండుసార్లు సంధించనని కర్ణుడు వినడు. కృష్ణుడు రథాన్ని కిందికి తొక్కుతాడు, కిరీటం పోయి తల మిగులుతుంది. ద్రోహం చేసేవాడి నోటి నుంచి ఒక్క నిజమైన సలహా. అంతకు మించిన మలుపు ఏముంటుంది?

తిరునాళ్ళలో పద్యనాటకం చూసొచ్చినప్పుడు అత్తయ్యతో ఇదే వాదన. "వాడు ద్రోహి ఎట్టయ్యాడు? ఇద్దరికిచ్చిన మాటా నిలబెట్టుకున్నాడు గదా" అంది. అదీ నిజమే. కర్ణుడు పోయాక పద్దెనిమిదో రోజు కౌరవసేనకు నాయకుడై, ధర్మరాజు చేతిలోనే చచ్చాడు.

బాహుబలి సినిమాలో కట్టప్ప సంగతీ అంతే. 2015 జూలై 10న వచ్చిన మొదటి భాగంలోనే బాహుబలిని చంపిందెవరో చూపించేశారు. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా జనాన్ని పట్టి ఉంచింది "ఎందుకు" అన్న ప్రశ్న. ఆ జవాబూ ఆయన సింహాసనానికి ఇచ్చిన మాటే.

మన మేనేజరుకూ అట్టాంటి రెండో మాట ఉంది, కూతురి వైద్యానికి చేసిన అప్పు. దాన్ని ఆఖరి భాగంలో పేజీన్నర ఫ్లాష్‌బ్యాక్‌గా కుక్కారు, అప్పటికి వాడి మీద ఆశ చచ్చిపోయింది. ఆ అప్పు మూడో భాగంలోనే, టేపు పట్టుకున్న రోజే మనకు తెలిసి ఉండాల్సింది. "ఎవరు" అన్నది పోతుంది, పోనీండి. ఓనరు రోజూ వాడి పక్కనే జీపులో కూర్చుని, లెక్కల పుస్తకం చూడకుండానే సంతకం పెడుతుంటే "ఎప్పుడు" అన్నది ఇరవై భాగాలు లాగుతుంది.