నీడ చూసి గుడ్లు పెట్టే కప్ప

చెట్టు కప్ప అనగానే అందరికీ ఎర్ర కళ్ళ ఆకుపచ్చ కప్పే గుర్తొస్తుంది. పోస్టర్ల నిండా అదే. పనామా కాలువ పక్కన గంబోవాలో ఒక వానాకాలం కప్ప గుడ్లు లెక్కపెట్టే పనిలో ఉన్నప్పుడు, నా మనసు మాత్రం దాని పక్కనే కూచుని అరిచే బుడ్డదాని మీద పడింది. పేరు డెండ్రోప్సోఫస్ ఎబ్రాకేటస్. మగది రెండున్నర సెంటీమీటర్లుంటే గొప్ప. ఆడది కాస్త పెద్దది. పసుపు ఒళ్ళు, వీపున ఇసుక గడియారం ఆకారంలో గోధుమరంగు మచ్చ. దక్షిణ మెక్సికో నుంచి ఈక్వడార్ వాయవ్యం దాకా పల్లపు అడవుల్లో కనిపిస్తుంది. రాత్రి కుంట దగ్గరికి వెళ్తే ముందు బర్రుమని ఒక కూత, వెనకే టిక్కు టిక్కుమని చిన్న చప్పుళ్ళు. పక్కన ఇంకో మగది అరుస్తుంటే ఆ టిక్కులు ఎక్కువవుతాయి. పోటీ మరి!

దీని నివాసం "వానాడవి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు ఒప్పదు. ఈ కప్పకు కావలసిన సమాచారం ఒక్కటే: కుంట మీద నీడ ఉందా, లేదా? చెట్లు కమ్ముకున్న కుంటల్లో నీటికి పైనున్న ఆకుల మీద గుడ్లను ఒకే పొరగా పరుస్తుంది. పిల్లలు బయటికొచ్చి నీళ్ళలోకి జారతాయి. ఎండ సూటిగా పడే కుంటల్లోనైతే అదే జాతి ఎక్కువగా నీళ్ళలోనే పెట్టేస్తుంది. వెన్నెముక ఉన్న జీవి ఇలా రెండు పద్ధతులూ వాడుకోగలదని 2008లో జస్టిన్ టూషాన్, కరెన్ వార్కెంటిన్ అనే పరిశోధకులు ప్రచురించారు.

రెండు చోట్లా గండాలే. ఆకు మీద పెట్టాక వాన పడకపోతే గుడ్ల చుట్టూ ఉండే జిగురు ఎండి అవి ముడుచుకుపోతాయి, చీమలూ వచ్చి పడతాయి. నీళ్ళలోనైతే తినేవాళ్ళు వేరే.

అసలు తమాషా టాడ్‌పోల్ తోకలో, అంటే గుడ్డులోంచి వచ్చిన కప్ప పిల్ల తోకలో ఉంది. తూనీగ పిల్లలున్న నీళ్ళలో పెరిగితే తోక పెద్దగా, ఎర్రగా తయారవుతుంది. చేపలున్న నీళ్ళలో సన్నగా, రంగు లేకుండా ఉంటుంది. తూనీగ పిల్ల మాటు వేసి కొడుతుంది; దెబ్బ ఎర్ర తోక మీద పడితే తల దక్కుతుంది. వెంటాడే చేప కంట అసలు పడకపోవడమే మేలు. నాకైతే ఈ వివరణ సబబుగానే అనిపిస్తుంది.

పచ్చిక మధ్య కుంటల్లోనూ నెట్టుకొస్తుంది కాబట్టి జీవజాతులకున్న ముప్పును లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతగా ముప్పు లేని జాతుల్లోనే ఉంచింది. చెట్లు కొట్టేసినా నీళ్ళలో పెట్టుకునే దారి దీనికుంది. ఆకు మీదే గుడ్లు పెట్టే ఎర్ర కళ్ళ కప్పకు ఆ వెసులుబాటు లేదు.