కోడా అంటే గుర్రమా, కొరడానా? జలంధర్‌లో నా పంజాబీ చదువు

2016 లో నాన్నకి జలంధర్ కంటోన్మెంట్‌కి పోస్టింగ్ వచ్చింది. అప్పుడు నాది ఎనిమిదో తరగతి. మాది అప్పటి అనంతపురం జిల్లాలో కదిరి దగ్గర పల్లె. స్కూల్లో హిందీ చదివాను కదా, ఎలాగోలా నెట్టుకొస్తాలే అనుకున్నా. ఏడాది మధ్యలో వెళ్లాం కాబట్టి సెంట్రల్ స్కూల్లో సీటు దొరకలేదు, ఒక ప్రైవేటు స్కూల్లో చేర్పించారు. అక్కడ మొదటి రోజే తెలిసింది, పంజాబీ తప్పదని. 2008 లో చేసిన చట్టం వల్ల పంజాబ్‌లో ఒకటి నుంచి పదో తరగతి దాకా పంజాబీ చదవాల్సిందే. (2018 లో తెలంగాణలో తెలుగుకీ ఇలాంటి చట్టమే వచ్చినప్పుడు, హైదరాబాద్‌లో వేరే రాష్ట్రాల పిల్లలు పడే టెన్షన్ ఎలా ఉంటుందో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.)

మేడమ్ నా చేతిలో చిన్నపిల్లలు చదివే కాయిదా, అంటే అక్షరాల పుస్తకం, పెట్టారు. క్లాసంతా వ్యాసాలు రాస్తుంటే నేను వెనక బెంచీలో ఊడా, ఐడా, ఈడీ అని అక్షరాలు దిద్దుకుంటూ కూర్చున్నా. అక్షరాలు 35, అందుకే అక్షరమాలని పైంతీ అంటారు, అంటే ముప్పై ఐదు. చుక్క పెట్టి రాసేవి ఇంకో ఆరు ఉన్నాయి. లిపి నెల రోజుల్లో వచ్చేసింది. మనకి ఎన్ని ఒత్తులో, వాళ్లకి అక్షరం కింద రాసేవి హ, ర, వ మూడే! ఇబ్బందల్లా హిందీతోనే వచ్చింది, ఎందుకంటే పంజాబీ రాసే గురుముఖి లిపిలో 'స' చూడ్డానికి అచ్చం హిందీ 'మ' లా ఉంటుంది. 'సడక్' అని ఉన్నదాన్ని 'మడక్' అని గట్టిగా చదివేశాను. క్లాసంతా నవ్వింది, నాకూ నవ్వొచ్చింది, కాకపోతే మా ఊళ్లో మడక అంటే నాగలి అని వాళ్లకి తెలీదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, తెలుగువాళ్లకి పంజాబీలో కొన్ని ఊరికే వచ్చేస్తాయి. హిందీలో సాత్, ఆఠ్, హాథ్ అయితే పంజాబీలో సత్త్, అట్ఠ్, హత్థ్. అక్క, అమ్మ, అత్త అంటూ పెరిగిన నోటికి ఈ ద్విత్వాలు ఒక లెక్కా? నీళ్లని పాణీ అంటారు, మన 'ణ' నే. యూపీ నుంచి వచ్చిన నా పక్క బెంచీ అమ్మాయి మూడేళ్లు 'పానీ' అంటూనే ఉంది.

నన్ను ఏడిపించింది మాత్రం డిక్టేషన్. పంజాబీలో ఘ, ఝ, ఢ, ధ, భ రాస్తారు గానీ మాట మొదట్లో అలా పలకరు. 'ఘర్' అని రాసి 'కర్' అంటారు, 'భరా' అని రాసి 'పరా' అంటారు, కాకపోతే గొంతు కొంచెం కిందికి దిగుతుంది. ఆ దిగడం నా చెవికి ఆనేది కాదు. కోడా అంటే కొరడా, గొంతు దించి అంటే గుర్రం, పైకి లేపి అంటే కుష్ఠురోగి. మొదటి డిక్టేషన్‌లో ఇరవైకి పదకొండు తప్పులు. మేడమ్ తిట్టలేదు, "పుత్త్, చెవితో రాయి" అన్నారు. పుత్త్ అంటే కొడుకు, అమ్మాయిల్ని కూడా అలాగే పిలుస్తారు, మనం ఆడపిల్లని 'నాన్నా' అన్నట్టు.

చెవితో ఎలా రాయాలో పక్కింటి పెద్దావిడ దగ్గర తెలిసింది, ఆవిడని బీజీ అని పిలిచేవాళ్లం. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు, రోజూ సాయంత్రం 'అజీత్' పేపర్ హెడ్డింగులు నాతో చదివించుకునేవారు. నేను ఉన్నది ఉన్నట్టు 'ఘర్' అని చదివితే వెంటనే ఆపి 'కర్' అనేవారు, మళ్లీ అనిపించేవారు, నేను సరిగ్గా అనేదాకా టీ ఇచ్చేవారు కాదు. ఆ టీని కూడా 'చాహ్' అని రాస్తారు, హ మాత్రం వినపడదు! అలా రెండేళ్లు చదివాను. విచిత్రం ఏంటంటే, ఒక్క అక్షరం రాని మా అమ్మ కూరగాయల బేరాలతోనే నాకంటే ముందు ఆ స్వరం పట్టేసింది.

తొమ్మిదిలో ముహావరే, అంటే జాతీయాలు మొదలయ్యాయి. 'ఇటుకతో ఇటుక ఖంగుమనిపించడం' అనే దానికి సొంతవాక్యం రాయమంటే, మా మేస్త్రీ అలా చేసి మా ఇల్లు పూర్తి చేశాడని రాశాను. దానికి అర్థం సర్వనాశనం చేయడమట. మేడమ్ స్టాఫ్ రూమంతా చదివి వినిపించారు.

2019 మార్చిలో పది పరీక్ష. వ్యాసం, ఉత్తరం బాగానే రాశాను, వ్యాకరణంలో కొంత పోయింది, మొత్తానికి 74 వచ్చాయి. లెక్కల్లో వచ్చినదానికంటే ఎక్కువే. ఆ జూన్‌లోనే నాన్నకి సికింద్రాబాద్ బదిలీ అయింది. బీజీతో ఇప్పటికీ ఫోన్‌లో మాట్లాడతాను. గుర్రం సరిగ్గానే వస్తోంది గానీ గొంతు పైకి లేపాల్సిన మాటలు ఇంకా తడబడతాయి, అవతల నుంచి ఆవిడ నవ్వు మొదలవుతుంది, మళ్లీ అనమంటారు.