నోట్లో నాలుక లేని అబ్బాయి

మా అక్క కొడుకు ఎవరితోనూ తలెత్తి మాట్లాడడు. ప్రొద్దుటూరులో సంబంధం చూసేవాళ్లకు అదే పెద్ద అర్హత. "బుద్ధిమంతుడు, నోట్లో నాలుక లేదు" అని మురిసిపోయారు. బెంగళూరు ఇంటర్వ్యూలో మాత్రం చొరవ లేదని వెనక్కి పంపారు.

షాంఘై బడిపిల్లల మీద పరిశోధకులు కొన్నేళ్ల తేడాతో అధ్యయనం చేశారు. 1990లో బిడియస్తులంటే తోటి పిల్లలకూ టీచర్లకూ ఇష్టమే. 2002 నాటికి అలాంటివాళ్లనే దూరం పెట్టారు. ఈలోగా మార్కెట్ ఆర్థిక వ్యవస్థ పెరిగి, చొరవకు గిరాకీ వచ్చిందని వాళ్ల వివరణ. నాకు సబబుగానే తోచింది. (ఆడపిల్ల గొంతు పెంచితే గయ్యాళి, మగవాడు అరిస్తే పౌరుషం అనే మా ఇంటి లెక్క మాత్రం ఇంకా అలాగే ఉంది.)

అక్క వాడిని ఇప్పుడు ధైర్యంగా మాట్లాడటం నేర్పే కోచింగ్‌లో చేర్పించింది. పెళ్లివారి చెవిన పడనీయొద్దని మా అందరికీ గట్టిగా చెప్పింది.