పోర్చుగల్ రైతులు, కంటి చుక్కలు

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

నాన్న కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయ్యి ఇవాళ్టికి నాలుగో రోజు. టీవీ చూడొద్దన్నారు, పేపర్ చదవొద్దన్నారు, వంగొద్దన్నారు, తలకి నీళ్ళు తగలకూడదన్నారు. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో జీవితమంతా పొలం గట్ల మీద తిరిగిన మనిషి, కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో నల్లద్దాలు పెట్టుకుని ఎంతసేపని కూర్చుంటారు? పొద్దుట్నించీ ఆరుసార్లు టైమెంతని అడిగారు. రెండు గంటలకోసారి చుక్కలు వెయ్యాలి, దానికి నా ఫోన్లో అలారం.

నేనేమో పక్కన లాప్‌టాప్‌లో యూరోపా యూనివర్సాలిస్ 5 అని ఒక పాతకాలపు రాజ్యాన్ని నడిపే కంప్యూటర్ ఆట పెట్టుకుని కూర్చున్నా. నవంబర్ 2025లో వచ్చింది ఇది. వారమంతా ఆఫీసు, ఒక్క ఆదివారమే దొరుకుతుంది.

"ఏంట్రా టకటకా నొక్కుతున్నావు" అన్నారు. ఆఫీసు పని అని అబద్ధం చెప్పబోయి, ఎందుకులే అని నిజం చెప్పేశా. పోర్చుగల్ రాజ్యం నడుపుతున్నా నాన్నా, 1343వ సంవత్సరం, రాజు పేరు నాలుగో అఫోన్సో. తిడతారనుకున్నా. "పంటలేంటి అక్కడ?" అన్నారు.

పాత ఆట అయితే ఈ ప్రశ్నకి నా దగ్గర పెద్దగా జవాబు ఉండేది కాదు. 2013లో వచ్చిన నాలుగో భాగం నేను ఏళ్ళ తరబడి ఆడాను, పరీక్షలు పాడుచేసుకుని మరీ ఆడాను. అందులో రాజుకి నెలనెలా మూడు రకాల పాయింట్లు వచ్చేవి, పాలనకి, దౌత్యానికి, యుద్ధానికి. ఆడేవాళ్ళం వాటిని కాగితం, పక్షి, కత్తి అని బొమ్మల పేర్లతోనే పిలిచేవాళ్ళం. ఊరు పెరగాలంటే ఆ పాయింట్లు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే ఆ క్షణమే పెరిగిపోయేది, జనం ఎక్కణ్ణించి వచ్చారు, ఏం తింటున్నారు అని అడిగే నాథుడు లేడు. సైన్యమూ అంతే. మ్యాన్‌పవర్ అని పైన ఒక అంకె. యుద్ధంలో ఇరవై వేలు పోతే పోయాయి, కొన్నేళ్ళు ఆగితే మళ్ళీ కుళాయి కింద బిందె నిండినట్టు నిండేది.

కొత్తదాంట్లో ఆ పాయింట్లు తీసేశారు. ప్రతి ఊళ్ళోనూ జనం ఉంటారు, రైతులు ఇంతమంది, కూలీలు ఇంతమంది, వర్తకులు, మతాచార్యులు, ప్రభువులు, వాళ్ళ మతమేంటి, సంస్కృతేంటి, అన్నీ లెక్కే. యుద్ధమొస్తే సైన్యం పిలుస్తాం కదా, ఆ మొదటి రోజుల్లో వచ్చేది జీతం తీసుకునే సిపాయిలు కాదు, ఆ ఊళ్ళ జనమే. వాళ్ళు కత్తి పట్టుకుని వెళ్ళినన్నాళ్ళూ వాళ్ళ ఊళ్ళో పని ఆగుతుంది, చచ్చిపోతే ఆ ఊరి జనాభాలోంచి తగ్గుతారు.

ఇది నేను సగం చెప్పేలోపే నాన్న అందుకున్నారు. "మరి వాళ్ళందర్నీ తోలుకుపోతే నాట్లెవరేస్తార్రా?"

ఈ సంగతి తలకెక్కడానికి నాకు రెండు వారాలు, మూడు ఓడిపోయిన ఆటలు పట్టింది.

ఇంకోటి, కంట్రోల్ అని కొత్త లెక్క పెట్టారు. రాజధాని నుంచి దూరం పోయే కొద్దీ సర్కారు పట్టు తగ్గుతూ పోతుంది, పట్టు ఎంత ఉంటే శిస్తు అంతే. నది వెంబడి, సముద్రం వెంబడి అయితే పట్టు దూరం పాకుతుంది, కొండలొస్తే చచ్చిపోతుంది. నా రాజధాని లిస్బన్‌లో నూటికి నూరు ఉంది, పోర్తోలో పర్లేదు, ఈశాన్యాన బ్రగాన్సాలో మాత్రం ఇరవై కూడా లేదు. ఆ ప్రాంతం పేరే త్రాస్ ఓస్ మోంతెస్, అంటే కొండల అవతల అని అర్థం, ఇంక పట్టేముంటుంది. మ్యాపు మీద రంగు నాదే, డబ్బులు మాత్రం రావు. పాత ఆటలో రంగు పూసుకుంటూ పోవడమే గెలుపు కాబట్టి ఇది మొదట్లో ఒళ్ళు మండించింది. ఇప్పుడు ఆటలో ఇదే నాకు బాగా నచ్చిన భాగం.

దీనికి మందు రోడ్డు వెయ్యడం, లేకపోతే అక్కడ సర్కారు మనిషిని కూర్చోబెట్టే బిల్డింగ్ కట్టడం. ఈ మనిషెవరో నాన్నకి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే ఆయనే "మునసబు అన్నమాట" అన్నారు. అక్కణ్ణించి కథ మా ఊరికెళ్ళిపోయింది. 1984లో ఎన్టీఆర్ మునసబు కరణాల వ్యవస్థ రద్దు చేసినప్పుడు మా ఊళ్ళో దస్తరాలు అప్పగించడానికి ఎంత గొడవైందో, ఏ పొలం ఎవరిదో తన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదని కరణంగారు ఎలా మీసం తిప్పేవారో, అరగంట చెప్పారు. ఆట పాజ్‌లో ఉంది. మధ్యలో అలారం మోగితే చుక్కలేశా.

విజయనగరం తీసుకుని ఆడొచ్చుగా అని మా ఫ్రెండ్ ఒకడు పోరుతుంటాడు. నిజమే, ఆట 1337 ఏప్రిల్లో మొదలవుతుంది, విజయనగరం పుట్టిందని మనం చెప్పుకునే 1336కి ఒక్క ఏడాది తర్వాత, ఓరుగల్లు పడిపోయి పద్నాలుగేళ్ళయ్యాక. ఢిల్లీలో ఇంకా మహమ్మద్ బిన్ తుగ్లక్ ఉన్నాడు. నాకే ధైర్యం చాలట్లేదు. పోర్చుగల్ పోతే పోయింది, హంపి పోగొట్టుకుంటే ఆ రాత్రి నిద్రపట్టదు.

మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ తిన్నాక నా బుద్ధి గడ్డి తినింది. సముద్రం అవతల, ఆఫ్రికా ఒడ్డున ఉన్న సియూటా మీద కన్నేశా. చరిత్రలో పోర్చుగల్ దాన్ని పట్టుకున్నది 1415లో, నేను డెబ్భై ఏళ్ళు ముందే కొట్టేద్దామని. దక్షిణాన అలెంతేజో అంటే ఆ దేశానికి ధాన్యం కొట్టు లాంటిది, అక్కడి రైతుల్నే నాలుగువేల మందిని పడవలెక్కించా. కోట ముట్టడి ఏడాది దాటింది. సైన్యం వెంట తీసుకెళ్ళిన తిండి అయిపోయింది, పోరులో పోయినవాళ్ళకన్నా ఊరికే కూర్చుని పోయినవాళ్ళే ఎక్కువ. చివరికి కోట పడింది. పట్టు చూస్తే దాదాపు సున్నా, శిస్తు చిల్లర. ఇక్కడ అలెంతేజోలోని బేజా ఊరి వివరాల కిటికీ స్క్రీన్ మీద తెరిస్తే రైతుల సంఖ్య పక్కన కిందికి చూసే ఎర్ర బాణం గుర్తు. ఆ చిన్న బాణం వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నా. పాత ఆటలో ఇలాంటివి వంద ముట్టడులు చేసుంటా, ఒక్కసారి కూడా ఎవరి ఊరు అని చూడలేదు.

ఆ పైన 1348లో ప్లేగు దిగింది. యూరప్‌లో నిజంగానే 1347 అక్టోబర్లో సిసిలీలోని మెస్సినా రేవులో ఓడల మీద దిగిందంటారు, ఆటలోనూ రేవుల్లోంచే వచ్చింది. లిస్బన్ జనాభా అంకె నెలనెలా కరుగుతోంది. పాయింట్లు పెట్టి ఊరు పెంచే బటన్ లేదు కదా ఇప్పుడు, చూస్తూ ఉండటమే.

అన్నీ మెచ్చుకోవడానికేం లేదు. కిటికీ తెరిస్తే దాంట్లో ఇంకో కిటికీ, ఒక మాట మీద మౌస్ పెడితే వివరణ, ఆ వివరణలో మాట మీద పెడితే ఇంకో వివరణ. వ్యాపారమైతే నాకు అంతు చిక్కక కంప్యూటర్‌కే అప్పగించేశా, అది నాకన్నా బాగానే సంపాదిస్తోంది. ఈ సదుపాయం లేకపోతే ఆట పక్కన పడేసేవాణ్ణి.

రాత్రి పెరుగన్నం తిని లాప్‌టాప్ మూసేశా. లైటు తీశాక చీకట్లోంచి నాన్న గొంతు. "ఆ అవతల ఒడ్డున ఉన్నోళ్ళని ఇళ్ళకి పంపావా?"

పంపలేదు. యుద్ధం ఆర్నెల్ల క్రితమే అయిపోయింది, సైన్యాన్ని రద్దు చెయ్యడం మర్చిపోయి అలాగే వదిలేశా. లేచి, లాప్‌టాప్ తెరిచి, మిగిలిన పదిహేను వందల మందినీ ఊళ్ళకి పంపేసి సేవ్ చేశాను. "పంపా నాన్నా" అంటే "ఊఁ" అన్నారు. టైం చూస్తే పదకొండు. పదింటి చుక్కలు ఇద్దరం మర్చిపోయాం.